మార్వెల్ చిత్రమాలయందు పునర్దీప్తి దోషము

2008వ సంవత్సరమున 'ఐరన్ మ్యాన్' చిత్రముతో ఆరంభమైన మార్వెల్ సంస్థవారి చిత్రమాల ఆధునిక కథాకథనమున ఒక గొప్ప ప్రయోగము. వేర్వేఱు నాయకులు గల చిత్రములన్నియు ఒకే కల్పితలోకమున జరుగునట్లు కూర్చి, ఒకదాని ఫలమును వేఱొకదానికి బీజముగా జేసి, పదునొకండు సంవత్సరములు కథను నడిపి, 2019 ఏప్రిలులో 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' అను ఇరువదిరెండవ చిత్రమున ఆ కథాసూత్రముల నన్నిటిని ముడివేసిరి. ఆ యొక్క చిత్రమునకు ప్రపంచమంతట సుమారు 280 కోట్ల డాలర్లు వసూలైనవి. దాని తెలుగు అనువాదమున ప్రతినాయకుడగు థానోసునకు దగ్గుబాటి రానా గాత్రదానము చేసిరి. అదే చిత్రమాలలో 2023 నవంబరున వెలువడిన 'ది మార్వెల్స్' చిత్రమునకు లభించినది సుమారు 20 కోట్ల డాలర్లు మాత్రమే. అంతకుముందు ఆ మాలలో ఏ చిత్రమును అంత తక్కువ ఆదరణము పొంది యుండలేదు. అయిదేండ్లు గడవకముందే అభిమానుల ఉత్సాహము ఇట్లు సన్నగిల్లుటకు హేతువేమి? ఈ ప్రశ్నను మేము వాణిజ్యదృష్టితో గాక రసదృష్టితో పరిశీలింప దలచితిమి.

వసూళ్లు కళకు ప్రమాణములు కావని విజ్ఞులు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపము న్యాయమైనదే. కాని ఒక కృతిని పదేండ్లపాటు శ్రద్ధతో వెన్నంటివచ్చిన సామాజికులే దానికి విముఖులైనపుడు ఆ వైముఖ్యము విమర్శకునకు ఒక జ్ఞాపకలింగము. నాడి రోగము కాదు. అయినను వైద్యుడు నాడినే మొదట పట్టి చూచును.

ఈ వైముఖ్యమునకు లోకమున సామాన్యముగా చెప్పబడు కారణములు రెండు. మొదటిది పరిమాణాధిక్యము. 2021, 2022 సంవత్సరములలోనే మార్వెల్ సంస్థ 7 చిత్రములను, 'డిస్నీ ప్లస్' ద్వారమున 8 ధారావాహికలను, రెండు ప్రత్యేక ప్రదర్శనములను వెలువరించినది. మాతృసంస్థయగు డిస్నీకి అప్పుడు అధిపతిగానుండిన బాబ్ ఐగర్ సైతము 2023లో ఈ అతివిస్తరమువలన దృష్టియు శ్రద్ధయు పలుచబడినవని అంగీకరించి, 2024లో సంఖ్యను తగ్గింతుమని ప్రకటించెను. రెండవది ప్రేక్షకుల చాపల్యము. సూపర్‌హీరో చిత్రములు ఒక కాలపు వేడుక యనియు, ఆ కాలము తీఱినదనియు కొందఱి వాదము.

ఈ రెండును పాక్షికసత్యములే. పరిమాణమే దోషమైనచో దానిని తగ్గించినంత మాత్రమున ఉత్సాహము మరల చిగురింపవలెను. సంఖ్య తగ్గిన తరువాత 2025లో వెలువడిన 'కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్' సుమారు 41 కోట్ల డాలర్లను, 'థండర్‌బోల్ట్స్' సుమారు 38 కోట్ల డాలర్లను మాత్రమే పొందినవి. వీనిలో రెండవది విమర్శకుల మెప్పు వడసినది. అయినను అభిమానులు వెనుకటివలె కదలి రాలేదు. ఇక చాపల్యవాదమును 2023వ సంవత్సరమే ఖండించుచున్నది. ఆ యేట ఈ సంస్థనుండి మూడు చిత్రములు వచ్చినవి. రాబోవు కథలకు నాందిగా నిర్మింపబడిన 'యాంట్ మ్యాన్ అండ్ ది వాస్ప్: క్వాంటమేనియా' సుమారు 47 కోట్ల డాలర్లు గడించినది. 'ది మార్వెల్స్' సంగతి చెప్పియే యుంటిమి. ఈ రెంటి నడుమ వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' మూడవ భాగము సుమారు 84 కోట్ల డాలర్లు పొందినది. సంస్థ యొకటే, సంవత్సర మొకటే, ప్రేక్షకులును వారే. భేదమెక్కడనున్నది? దర్శకుడు జేమ్స్ గన్ తాను 2014లో ఆరంభించిన కథకు ఆ చిత్రమున ఉపసంహారము కల్పించెను. కథ ముగియుచున్నదని ప్రేక్షకు లెఱిగిరి, ముగింపును చూడవచ్చిరి.

కనుక మూలహేతువును మఱియొకచోట వెదకవలసియున్నది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున రసవిరోధములను పరిగణించుచు, పరిపోషము నొందిన రసమును మాటిమాటికి ఉద్దీపింపజేయుటను వానిలో నొకటిగా పేర్కొనెను. తన సామగ్రిచే పుష్టినొంది ఒకమాఱు ఆస్వాదితమైన రసము పదేపదే స్పృశింపబడినచో వాడిన పువ్వువంటి దగునని ఆతని ఆశయము. మమ్మటుడును దీనిని రసదోషములలో జేర్చి, కుమారసంభవమునందలి రతివిలాపమును ఉదాహరణముగా జూపెను. కాళిదాసునంతటివానికే తప్పని ఈ విచారణ చలనచిత్రనిర్మాతలకు తప్పనవసరము లేదు.

ఈ లక్షణమున 'పరిపోషము నొందిన' అను విశేషణము ప్రాణప్రదము. రసము పుష్టినొందునంతవఱకు ఎన్ని విభావములను కూర్చినను, ఎన్నిమాఱు లుద్దీపింపజేసినను అది దోషము కాదు, అదియే పోషణము. పుష్టి సిద్ధించిన తరువాత అదే వ్యాపారము దోషమగును. 'ఎండ్‌గేమ్' వఱకు 22 చిత్రములను విసుగులేక చూచిన ప్రేక్షకులు తరువాతివానిని ఏల చూడజాలకపోయిరో దీనివలన తెల్లమగుచున్నది. మాఱినది సంఖ్య కాదు, రసముయొక్క అవస్థ.

'ఎండ్‌గేమ్' నందు పరిపోషము ఎట్లు సిద్ధించినదో చూతము. టోనీ స్టార్క్ తొలిచిత్రమున ఆయుధములమ్ముకొను భోగపరాయణుడు. ఆ చిత్రాంతమున తానే ఐరన్ మ్యాన్ అని లోకమునకు చాటుకొనిన దర్పవాక్యమునే పదునొకండేండ్ల తరువాత అంతిమయుద్ధమున పలికి, లోకరక్షణమునకై ప్రాణములర్పించును. ముఖసంధియందు నాటిన బీజము నిర్వహణసంధియందు ఫలరూపమున గానవచ్చుట కింతకంటె చక్కని ఉదాహరణము ఆధునిక చలనచిత్రములలో అరుదు. నటాషా రొమనాఫ్ ఆత్మత్యాగము చేయును. స్టీవ్ రోజర్స్ వృద్ధుడై తన డాలును మఱియొకనికి అప్పగించును. వీరము కరుణముతో కలసి పుష్టినొందినది. ప్రేక్షకులు కన్నీటితో లేచిపోయిరి.

తరువాత జరిగినదేమి? మరణమునకు నిలుకడ లేకుండ పోయినది. దీనికి అంకురములు 'ఎండ్‌గేమ్' లోనే కలవు. పూర్వచిత్రమున మరణించిన గమోరాకు ప్రతిగా గతకాలమునుండి మఱియొక గమోరా అందు ప్రవేశించినది. మరణించిన లోకికి ప్రతిగా గతకాలమునందలి మఱియొక లోకి తప్పించుకొని 2021లో తన పేరిటి ధారావాహికకే నాయకు డయ్యెను. మరణించిన విజన్ ఆ యేడే 'వాండావిజన్' అను ధారావాహికయందు మరల కనిపించెను. అసంఖ్యాకములగు సమాంతరలోకములను కల్పించి, ఒక లోకమున గతించినవాడు వేఱొక లోకమున జీవించియుండునను సిద్ధాంతమును స్థాపించుటతో వెనుకటి త్యాగములన్నియు సందిగ్ధములైనవి.

భరతుడు కరుణవిప్రలంభములకు భేదము చెప్పుచు, కరుణము నిరపేక్షమనియు విప్రలంభము సాపేక్షమనియు వివరించెను. మరల కలసికొను ఆశ యున్నంతవఱకు అది విప్రలంభము. ఆ ఆశ తెగిననాడే కరుణము. సమాంతరలోకసిద్ధాంతమున ఆశ యెన్నడును తెగదు. కావున కరుణమునకు తావులేదు. పోనీ విప్రలంభమైన సిద్ధించునా యన్న, అదియు లేదు. ఏలయన ఇచ్చట పునరాగమనాశ పాత్రల హృదయములందు గాక సంస్థవారి ప్రకటనలయందు నెలకొనియున్నది. 2024 జులైలో, టోనీ స్టార్క్ పాత్రధారియగు రాబర్ట్ డౌనీ జూనియర్ 'డాక్టర్ డూమ్' అను వేఱొక పాత్రతో ఈ మాలకు తిరిగివచ్చునని ప్రకటించిరి. పాత్ర వేఱైనను ముఖ మదియే. ప్రేక్షకుడు ఆ ముఖమును చూచి పూర్వమరణమును స్మరించునా, మఱచునా? రెండును రసమునకు హానికరములే.

రెండవ దోషము బీజములకు సంబంధించినది. మన నాట్యశాస్త్రజ్ఞులు అంకాంతమున పాత్రలచే ఉత్తరాంకార్థమును సూచింపజేయుటను అంకాస్యమనిరి. 'ఐరన్ మ్యాన్' చివర నిక్ ఫ్యూరీ వచ్చి అవెంజర్సును గూర్చి ప్రస్తావించిన దృశ్యము ఇట్టిదే. ఆ సూచన 2012లో 'ది అవెంజర్స్' చిత్రముగా నెఱవేరినది. నెఱవేరుటవలననే తరువాతి సూచనలయందు ప్రేక్షకులకు విశ్వాసము కుదిరినది. 2021 నుండి 'ఎటర్నల్స్' చివర ఈరోస్, 'డాక్టర్ స్ట్రేంజ్' రెండవ చిత్రము చివర క్లియా, 'థోర్: లవ్ అండ్ థండర్' చివర హెర్క్యులీస్ ప్రవేశపెట్టబడిరి. 2025 చివరవఱకు వెలువడిన ఏ చిత్రమునందును వారి కథలు ముందునకు సాగలేదు. కాంగ్ అను ప్రతినాయకుని మహాబీజముగా నాటిరి; 2023 డిసెంబరున ఆ పాత్రధారి న్యాయస్థానమున దోషిగా నిర్ణయింపబడగా సంస్థ అతనిని తొలగించినది; 2024లో ఆ బీజమును విడిచి మఱియొక బీజమును నాటిరి. పాత్రధారి తొలగింపు దైవికమనవచ్చును. కాని ముఖసంధి వెంట ముఖసంధియే వచ్చుచు, నిర్వహణసంధి కనబడని రచనయందు ఒక్క బీజము పోయినను పైరంతయు పోవును.

ఇట పూర్వపక్షమొకటి తలయెత్తును. 2021లో వెనుకటి స్పైడర్ మ్యాన్ పాత్రధారు లిద్దఱిని మరల రప్పించిన 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్' 190 కోట్లకు పైగాను, 2024లో 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' 130 కోట్లకు పైగాను డాలర్లు గడించినవి గదా, పునర్దీప్తియే దోషమైనచో ఇవి యెట్లు ఫలించినవి? దీనికి మా సమాధానమిది. ఈ రెంటియందును ప్రేక్షకు లాస్వాదించినది ప్రధానముగా స్మృతి. వేఱొక సంస్థవారు 2017లో నిర్మించిన 'లోగన్' చిత్రమున గతించిన వుల్వరిన్ సమాధిని త్రవ్వుటతోనే 2024 నాటి చిత్రము ఆరంభమగుచున్నది. అది హాస్యము, తన దోషమును తానే యెఱిగి పరిహసించుకొను హాస్యము. స్మృతి వ్యభిచారిభావమే గాని స్థాయి కాదు. ఉత్సవమునకు పనికివచ్చును, నిత్యపోషణమునకు చాలదు. ఈ విజయములు సంస్థకు నేర్పిన పాఠము గతము నింకను త్రవ్వుమనియే. ఒకనాటి లాభము రేపటి దోషమును ప్రోత్సహించుట ఇందలి విషాదము.

అట్లయిన మహాయుద్ధానంతరము కథ సాగనేరాదా? సాగవచ్చును. మహాభారతమే దీనికి సాక్ష్యము. సౌప్తికముతో యుద్ధకథ ముగిసినను ఇంకను 8 పర్వములు మిగిలియున్నవి. వానినన్నిటిని తిక్కన తెనిగించెను. అశ్వమేధమున అర్జునుని యుద్ధములు కలవు గాని అవి కురుక్షేత్రమునకు పోటీగా నిలుపబడినవి కావు. వీరము పరిపోషము నొందిన పిమ్మట మహర్షి దానిని మరల రగిలింపక శాంతాభిముఖముగా కథను మరలించెను. భారతమున అంగి శాంతమేయని ఆనందవర్ధనుడు చతుర్థోద్ద్యోతమున ప్రతిపాదించుటకు ఈ నిర్వహణమే ఆధారము.

మృతులను మరల చూపుటయు భారతమునకు తెలియనిది కాదు. ఆశ్రమవాసపర్వమున వ్యాసుడు యుద్ధమృతులను గంగాజలములనుండి రప్పించును. తల్లులు పుత్రులను, భార్యలు భర్తలను చూచుకొందురు. వైరములు శమించును. కాని అది ఒక్కరాత్రి మాత్రమే. తెల్లవాఱునప్పటికి వచ్చినవారు వచ్చినట్లే మరలిపోవుదురు. ఆ పునరాగమనము మరణమును రద్దుచేయలేదు. దానిని భరింపదగినదానిగా జేసినది. గాంధారి వందమంది పుత్రులను తిరిగి పొందలేదు. వారికి వీడ్కోలు పలుకు అవకాశమును పొందినది. ఇందువలన కరుణము చెడక శాంతమునకు సోపానమైనది. మార్వెల్ చిత్రములయందు పునరాగతులు తిరిగి పోరాటమునకే వచ్చుచున్నారు, మరుసటి చిత్రమునకు మిగులుచున్నారు. ఈ రెంటి భేదము సాంకేతికసామర్థ్యమునకు సంబంధించినది కాదు; ఎచ్చట ఆగవలెనో తెలిసిన ఔచిత్యమునకు సంబంధించినది.

ఇక అభిమానులనుగూర్చి ఒక మాట. అభిమానిని సహృదయునితో పోల్చుటకు మన విద్యాలయములు సంకోచించును. అభిమానము గుడ్డిదని మన నమ్మకము. కాని కావ్యాభ్యాసముచే మనోముకురము నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తుడు చెప్పినపుడు అభ్యాసమునకు ప్రాధాన్యమిచ్చెను. ఇరువదికి పైగా చిత్రములను పలుమాఱులు చూచి, ఒక్కొక్క పాత్ర పూర్వకథను కంఠస్థము చేసిన అభిమానికి ఆ లోకమున అభ్యాసము తక్కువ లేదు. అప్పుడప్పుడు వచ్చి చూచిపోవువానికి లోకి మరల బ్రతుకుట వినోదము. అతని మరణమునకు దుఃఖించినవానికి అది తన దుఃఖమును పరిహసించుట. కనుక మొదట విముఖుడగువాడు గాఢాభిమానియే. అతని విరక్తి చాపల్యము కాదు. తనయందు పుష్టినొందిన రసమును చెడకుండ కాపాడుకొనుటకై అతడు చేయు ప్రయత్నమది.

ఇట్లు పరిశీలింపగా మార్వెల్ చిత్రమాలయందు ఉత్సాహము సన్నగిల్లుటకు సంఖ్యాధిక్యము సహకారికారణమే గాని ముఖ్యకారణము కాదనియు, పరిపోషిత రసమునకు పునర్దీప్తి, నిర్వహణలేని బీజావాపము అను రెండు దోషములే ముఖ్యకారణములనియు తేలుచున్నది. ఇది ఒక్క విదేశీసంస్థకు మాత్రమే వర్తించు నిర్ణయము కాదు. విజయమునొందిన చిత్రమునకు రెండవ మూడవ భాగములు తెలుగునను ప్రకటింపబడుచున్న ఈ కాలమున, వానిని పరీక్షింపబూను పరిశోధకులు మొదట వేసికొనవలసిన ప్రశ్న: పూర్వభాగమున రసము పుష్టినొంది ముగిసినదా, లేక పుష్టికై ఇంకను ఎదురుచూచుచున్నదా? ఎదురుచూచుచున్నచో ఉత్తరభాగము ఆవశ్యకము. ముగిసినచో, మహర్షివలె వేఱొక రసమునకు దారితీయగల కవి యున్నప్పుడే దానిని చేపట్టుట యుక్తము.