మటన్ అని రాసుకున్న కూర

మా చేతికొచ్చిన తెలుగు వంటల పుస్తకాల్లో 'ముస్లిం వంటకాలు' అని చివర్లో నాలుగు పేజీలుంటాయి. బిర్యానీ, హలీం, డబల్ కా మీఠా. మాంసం ఉన్న ప్రతిచోటా మటనే. చదువుతుంటే మేమంతా నవాబుల బావర్చీఖానాల్లోంచి ఊడిపడ్డట్టుంటుంది. మేకమాంసం ధర అడిగి, మాట్లాడకుండా పక్క గల్లీలోని దుకాణానికి నడిచిన మా అబ్బాల ఊసు వాటిలో లేదు.

ఆ దుకాణంలో దొరికేది పెద్దకూర. మేం 'బడే కా గోష్' అంటాం. ఆవు అనుకుని ఉలిక్కిపడేవాళ్ల కోసం చెప్తున్నాం: మన దగ్గర 1977 చట్టం ఆవును, దూడను కోయొద్దంటుంది. పనికిరాదని సర్టిఫికెట్ ఉన్న ఎద్దును, బర్రెను ఒప్పుకుంటుంది. బక్రీదుకు మేక కొనలేని ఏడు ఇళ్లు కలిసి ఒక దున్నలో ఏడు హిస్సాలు పడతాయి.

పెద్దకూర అంటే మటన్‌కు చౌక నకలు అనుకుంటారు. కాదు. దీని పోగు వేరు, పొడవు, గట్టి. మటన్ లాగా వండితే దవడలు నొయ్యాల్సిందే. అందుకే మా అమ్మీలు అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు వేసి ముందు మెత్తగా ఉడికించుకుంటారు. ముక్క ముదురైతే పచ్చి బొప్పాయి నూరి పట్టిస్తారు. పులుపు చివర్నే. ముందే వేస్తే ముక్క ఉడకనే ఉడకదంటారు. అట్లా ఉడికాక గోంగూర పడుతుంది. మేం దాన్ని అంబాడా అంటాం. గోంగూర మాంసం ఆంధ్రా హోటళ్ల బోర్డుల మీది వంటే కదా! మా అమ్మీ అందులో పెద్దకూర వేస్తే అది తెలుగు వంట కాకుండా ఎట్లా పోతుంది? చింతచిగురులో వేస్తాం, దోసకాయలో వేస్తాం. శనగపప్పు, సొరకాయ, చింతపులుసుతో బొక్కలు ఉడికిస్తే దాల్చా. పప్పుచారు తాగి పెరిగినవాళ్లకు దాని రుచి పరాయిది కాదు. పండగైన మర్నాడు ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసే ఒట్టి తునకలు మా వాడలోనే కాదు, మాదిగవాడలోనూ మాలవాడలోనూ ఆరతాయి. పుస్తకం రాసినవాళ్లు ఈ దండేల కిందుగా ఎప్పుడూ నడిచినట్టు లేరు.

తప్పు వాళ్లదొక్కళ్లదే అంటే అబద్ధం. కల్యాణీ బిర్యానీని చూడండి. ఇప్పుడు కర్ణాటకలో బసవకల్యాణ్ అంటున్న ఊరి నవాబుల పేరు మీద వచ్చిందంటారు. చిన్న ముక్కలు, టమాటా, కొత్తిమీర. దాన్ని 'గరీబోంకీ బిర్యానీ' అని ముక్కు విరిచేది మాలోని ఖాన్‌దానీలే. దావత్‌లో పెద్దకూర పెడితే పిల్లనిచ్చినవాళ్ల పరువు తక్కువైనట్టు గుసగుసలాడేదీ మేమే.

బళ్లో డబ్బా మూత తీస్తే 'ఏం కూర?' అనేవాళ్లు. 'మటన్' అనేవాళ్లం. అప్పుడది సిగ్గు. 2015లో దాద్రీ దగ్గర బిసాడాలో, ఇంట్లో ఉన్నది ఏ మాంసమన్న పుకారు మీద అఖ్లాక్‌ను కొట్టి చంపాక ఆ అబద్ధం భయమైంది. పిల్లలకు మేమే నేర్పుతున్నాం.

మాలో కొందరం రాసిన తొలి కథల్లోనూ దస్తర్‌ఖాన్ మీద మటనే పొగలు కక్కింది. ఎవరూ కత్తి పట్టుకుని అట్లా రాయమనలేదు. పత్రికలో అచ్చయిన అలాంటి కథ ఒకటి ఇంట్లో చదివి వినిపిస్తే, ఉల్లిగడ్డలు తరుగుతున్న అమ్మీ తలెత్తి అడిగింది:

'మై మటన్ కబ్ పకాయీ రే?'