తెలియనప్పుడు ఏం చేయాలి?

గ్యాస్ ఫర్నేసు బర్నర్ ప్యానెల్లో రెండు పెట్టెలుంటాయి. తలుపు మీద ఎర్ర అంకెలతో వెలిగేది టెంపరేచర్ కంట్రోలర్. లోపల ఓ మూలన, ఒక్క రీసెట్ బటన్‌తో ఉండేది మంటను కనిపెట్టుకునుండే సీక్వెన్స్ కంట్రోలర్. సెట్టింగ్ అనగానే అందరి చూపూ అంకెల మీదికే పోతుంది. 800 డిగ్రీలు కావాలి, 800 పెట్టాం, వచ్చింది, ఇక పనైపోయినట్టే. నన్నడిగితే ఎంత వేడి కావాలో చెప్పడం ఈ పనిలో తేలిక భాగం. లోపల ఏం జరుగుతోందో తనకు తెలియనప్పుడు యంత్రం ఎటు మొగ్గాలో ముందే చెప్పిపెట్టడం కష్టం, మనం వదిలేసేదీ దాన్నే.

వేడిని వోల్టేజీగా మార్చి చెప్పే థర్మోకపుల్ సంగతి చూడండి. కె రకం 800 డిగ్రీల దగ్గర సుమారు 33.3 మిల్లీవోల్టులు ఇస్తుంది. జె రకం దాదాపు అంతే వోల్టేజీని 600 దగ్గరే ఇచ్చేస్తుంది. ఫర్నేసులో కె బిగించి మెనూలో జె ఎంచుకుంటే, లోపల 800 ఉన్నా బయట 600 అనే కనిపిస్తుంది. ఇంకా చాల్లేదనుకుని బర్నర్ మండుతూనే ఉంటుంది. ఇక థర్మోకపుల్ తెగిపోతే? అప్పుడు రీడింగ్ పైకి పోవాలా, కిందికి పోవాలా అన్నది చాలా కంట్రోలర్లలో మనం ఎంచుకోవాల్సిన విషయమే. పైకి పోతే బర్నర్ ఆగుతుంది. కిందికి పోతే ఫర్నేసు చల్లారిందనుకుని పూర్తి మంట పెడుతుంది. అందుకే వేడి హద్దు దాటితే బర్నర్‌ను ఆపేసే హై లిమిట్ వేరుగా ఉండాలి, దానికి సొంత సెన్సర్ ఉండాలి, చేత్తో రీసెట్ చేస్తే తప్ప వదలకూడదు. రెండిటికీ ఒకే సెన్సర్ ఇస్తే ఒకే సాక్షిని రెండుసార్లు బోనెక్కించినట్టే.

రెండో పెట్టె పుట్టుకతోనే అనుమానపు పిశాచి. స్టార్ట్ నొక్కగానే మంట ఇవ్వదు. ముందు బ్లోయర్‌తో లోపలున్నదంతా బయటికి తోయిస్తుంది, దీన్నే పర్జ్ అంటారు. పారిశ్రామిక ఫర్నేసులకు అమెరికాలో పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 86 ప్రమాణం ప్రకారం ఫర్నేసు ఘనపరిమాణానికి కనీసం నాలుగింతల తాజా గాలి పోవాలి. ఆ తర్వాతే స్పార్క్, పైలట్ గ్యాస్, కొన్ని సెకన్ల గడువు. ఆలోగా మంట కనిపిస్తే మెయిన్ వాల్వు తెరుచుకుంటుంది, లేకపోతే లాకౌట్, అంటే చేత్తో రీసెట్ చేసేదాకా మళ్లీ మొదలవదు. మంటను పట్టుకునే తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఫ్లేమ్ రాడ్‌కు ఏసీ ఇస్తారు. మంట దాన్ని ఒకవైపే ఎక్కువగా పోనిస్తుంది కాబట్టి కొన్ని మైక్రో ఆంపియర్ల డీసీ పుడుతుంది. వైరు షార్టయితే ఏసీ రెండువైపులా సమానంగా పోతుంది, డీసీ పుట్టదు. ఉత్త షార్టును మంట అని పొరబడకుండా ఆ పద్ధతిలోనే జాగ్రత్త ఉంది.

ఇంత జాగ్రత్తనూ మనం కారణం వెతక్కుండా మళ్లీ మళ్లీ రీసెట్ బటన్ నొక్కే వేలితో ఓడిస్తాం. గాలిలో రెండు శాతం ఎల్పీజీ కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. పైగా గాలికన్నా బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. వెలగని ప్రతి ప్రయత్నమూ కాస్త గ్యాసును లోపల వదిలిపోతుంది. దాన్ని ఊడ్చేది ఆ పర్జ్ ఒక్కటే. ‘ఊరికే ట్రిప్ అవుతోంది, లైను ఆగితే నష్టం ఎవరు కడతారు?’ అన్నది షాపు ఫ్లోర్ మీద మామూలుగా వినిపించే మాట. నష్టం నిజమే, కాదనను. ‘ఊరికే’ అన్నదాన్నే ఒప్పుకోలేను. రాడ్‌కు మసి పట్టడం, పింగాణీ పగలడం, ఎర్తింగ్ వదులవడం, గ్యాస్ ప్రెషర్ పడిపోవడం... వెతికితే చాలాసార్లు ఇలాంటిదేదో దొరుకుతుంది. వారానికోసారి ఫ్లేమ్ కరెంటు కొలిచి రాసిపెట్టుకుంటే అది తగ్గుతున్న సంగతి ముందే తెలుస్తుంది, సెలవు రోజున రాడ్ తుడుచుకోవచ్చు.

పర్జ్ వల్ల వేడీ ఇంధనమూ వృథా కదా అన్న అభ్యంతరంలో బలముంది. వేడెక్కిన ఫర్నేసులోకి చల్లగాలి కొట్టడం ఎవరికి ఇష్టం? కానీ తగ్గించాల్సింది పర్జ్ సమయాన్ని కాదు, స్టార్టుల సంఖ్యను. ఇక్కడ తప్పు తరచుగా మొదటి పెట్టెది. ఎలక్ట్రిక్ హీటర్‌కు పనికొచ్చే రెండు సెకన్ల సైకిల్ టైమ్‌ను బర్నర్‌కూ అలాగే వదిలేస్తారు. హిస్టరిసిస్, అంటే ఆగే వేడికీ మళ్లీ మొదలయ్యే వేడికీ మధ్య ఎడం, పెంచితే, లేదా పూర్తిగా ఆర్పకుండా హై-లో మంట మీద నడిపితే ఆ గొడవే తగ్గుతుంది. ఆటోట్యూన్ ఇవన్నీ చూసుకుంటుందనుకోవద్దు. అది లెక్కగట్టేది పీఐడీ విలువలే, అదీ ఖాళీ ఫర్నేసులో చేస్తే సరుకు నింపాక సరిపోకపోవచ్చు.

ఇదంతా అతిభయం అనేవాళ్లకు నియమాల్లోనే ఒక మినహాయింపు కనిపిస్తుంది. ఫర్నేసు 760 డిగ్రీలు దాటాక మంట మీద నిఘా సడలించడానికి ఆ ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణమే ఒప్పుకుంటుంది, ఆ వేడికి గ్యాస్ తనంతట తనే అంటుకుంటుంది గనక. సరే, 760 దాటిందని చెప్పేదెవరు? మళ్లీ థర్మోకపులే. ఈసారి ఫర్నేసులో జె, మెనూలో కె ఉంటే 600 డిగ్రీలనే దాదాపు 800గా చూపిస్తుంది, నిఘా అప్పుడే తొలగిపోతుంది. ఇక్కడ సెన్సర్ తెగిపోతే వేడి 760 కన్నా తక్కువే ఉందని యంత్రం అనుకోవాలి. హై లిమిట్‌లోనైతే తెగిన సెన్సర్ వేడి ఎక్కువైందని చెప్పాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డిఫాల్ట్ ఏదైనా ఈ రెండిట్లో ఒక్కదానికే సరిపోతుంది. రెండోదాన్ని ఎవరో ఒకరు మెనూలోకి వెళ్లి మార్చాల్సిందే.