విచారణ గదిలో కెమెరా: రెడింగ్ నుంచి బేసింగ్‌స్టోక్ దాకా

1982 జనవరి 18న బీబీసీ ‘పోలీస్’ అనే డాక్యుమెంటరీ ధారావాహికలో ‘ఎ కంప్లెయింట్ ఆఫ్ రేప్’ అన్న భాగాన్ని ప్రసారం చేసింది. రోజర్ గ్రేఫ్, ఛార్లెస్ స్టూవర్ట్ థేమ్స్ వ్యాలీ పోలీసుల దైనందిన విధులను వెన్నంటి చిత్రించిన ధారావాహిక అది. తనపై అత్యాచారం జరిగిందని చెప్పుకోవడానికి రెడింగ్ పోలీసుల వద్దకు వచ్చిన ఒక స్త్రీని పురుష డిటెక్టివులు ప్రశ్నించిన తీరే ఆ భాగంలోని వస్తువు. లైంగిక హింస పట్ల పోలీసుల ఉదాసీనతను పాత్రికేయం ఎలా పట్టుకోగలదన్న చర్చకు నలభై ఏళ్ళు దాటినా ఆ చిత్రమే మంచి ప్రారంభం.

ఉదాసీనత అనగానే ఫిర్యాదు వినకపోవడం, కాగితం పక్కన పడేయడం స్ఫురిస్తాయి. ఈ చిత్రంలో డిటెక్టివులు వింటారు, చాలాసేపు ప్రశ్నిస్తారు కూడా. అయితే ఆ ప్రశ్నలు నేరం జరిగిన చోటికి వెళ్ళవు. ఆమె గత లైంగిక జీవితం మీదికి, మానసిక చికిత్స మీదికి మళ్ళుతాయి. చివరికి ఆమె చెప్పినదంతా కట్టుకథగా తేలిపోతుంది. మానసిక చికిత్స పొందిన మనిషి అబద్ధమాడుతున్నదని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పదు. అటువంటివారు దాడికి గురయ్యే ప్రమాదం ఎక్కువన్నదే వైద్యులకు తెలిసిన సంగతి. భయంతో శరీరం కొయ్యబారిపోవడమూ, ఒంటిమీద గాయమే లేకపోవడమూ అత్యాచార బాధితుల్లో అరుదు కాదు. ఆ గదిలో ఈ జ్ఞానానికి చోటు లేదు. అక్కడ ఉదాసీనత మౌనం రూపంలో కాక ప్రశ్న రూపంలోనే పనిచేసింది.

మరొక విషయం మరింత కలవరపెడుతుంది. ఎదుట కెమెరా ఉన్నదని ఆ డిటెక్టివులకు తెలుసు. తెలిసీ తమ ధోరణి మార్చుకోలేదు, ఎందుకంటే అది తప్పని వారికి తోచలేదు. తాము నేర్చుకున్న పద్ధతినే వారు పాటిస్తున్నారు. చిత్రం ఒక దుర్మార్గుణ్ణి చూపి ఊరుకుని ఉంటే అతణ్ణి తొలగించడంతో కథ ముగిసేది. అది ఆనవాయితీని చూపింది కనుక వ్యవస్థ మొత్తం సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

కాలమూ కలిసివచ్చింది. ఆ జనవరిలోనే ఇప్స్‌విచ్‌లో ఒక న్యాయమూర్తి, దారిన పోయే కారెక్కిన అమ్మాయిదీ కొంత తప్పేనంటూ నేరస్థుణ్ణి 2,000 పౌండ్ల జరిమానాతో వదిలేశాడు. గ్లాస్గోలో ప్రాసిక్యూషన్ మధ్యలో వదిలేసిన ఒక అత్యాచార కేసును పత్రికలు బయటపెట్టాయి. మరుసటి ఏడు హోంశాఖ ఇటువంటి ఫిర్యాదుదారుల పట్ల పోలీసులు ఎలా వ్యవహరించాలో సూచిస్తూ సర్క్యులర్ పంపింది. 1986లో మాంచెస్టర్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్ వాతావరణానికి దూరంగా, బాధితుల పరీక్షకూ సంరక్షణకూ దేశంలోనే మొదటి ప్రత్యేక కేంద్రం ఏర్పడింది.

చిత్రంపై చేయవలసిన విమర్శ లేకపోలేదు. బాధితురాలి ముఖం చూపకపోవడం మేలే. కాని అప్పటికే మగవారితో నిండిన గదిలో కెమెరా మరో జత కళ్ళు కాలేదా? ఆమె ఫిర్యాదు ముందుకు సాగలేదు. తర్వాత వచ్చిన సంస్కరణ ఇతరులకు అందింది, ఆమెకు అందలేదు. భారతదేశంలో మథుర కేసులోనూ ఇదే జరిగింది. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ ఆందోళనగా మారి, 1983లో అత్యాచార చట్టం సవరణకు దారితీసింది. చట్టం గెలిచింది, మథుర గెలవలేదు.

రెడింగ్‌కు సుమారు 16 మైళ్ళ దూరంలో, హాంప్‌షైర్‌లో ఉన్న బేసింగ్‌స్టోక్ ఈ కథకు రెండో అంకం. అక్కడ తీవ్ర, వ్యవస్థీకృత నేరాలను దర్యాప్తు చేసే విభాగంపై ఫిర్యాదు రావడంతో, 2018లో వారి కార్యాలయంలో 24 రోజులపాటు రహస్యంగా మైకు అమర్చారు. అందులో నమోదైనవి స్త్రీల గురించి, నల్లజాతివారి గురించి, స్వలింగ సంపర్కుల గురించి హీనమైన మాటలు. 2020 డిసెంబరులో క్రమశిక్షణ సంఘం ఆరుగురిని తీవ్ర దుష్ప్రవర్తనకు బాధ్యులుగా తేల్చింది. ఆ విచారణ సంగతులు పత్రికల్లో వచ్చాయి. రెడింగ్‌లో కెమెరా అందరి ఎదుటే ఉంది. బేసింగ్‌స్టోక్‌లో మైకును దాచవలసి వచ్చింది. అంటే ఈ మధ్యకాలంలో పోలీసులు ఎదుటివారి ముందు ఎలా మాట్లాడాలో నేర్చుకున్నారు. తలుపు మూసుకున్నాక ఎలా ఆలోచించాలో కొందరు నేర్చుకోలేదు. ఆ మాటలు ఏ ఫిర్యాదును చెడగొట్టాయో రికార్డింగు చెప్పదు. అయినా స్త్రీ గురించి అలా మాట్లాడే గదిలోకి ఒక స్త్రీ ఫిర్యాదు తీసుకువెళ్ళాలంటే ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు.

2023 మార్చిలో లండన్ పోలీసులపై లూయీస్ కేసీ ఇచ్చిన నివేదిక ఇంకో సంగతి చెప్పింది. అత్యాచార కేసుల నమూనాలు దాచే ఫ్రిజ్‌లు కిక్కిరిసి, పాడైపోయి ఉన్నాయి. బాధితురాలి ఒంటి నుంచి వైద్యులు జాగ్రత్తగా సేకరించిన సాక్ష్యం చెడిపోవడానికి ఎవరికీ దురుద్దేశం ఉండనక్కర లేదు, పట్టించుకోకపోతే చాలు.

తెలుగునాట పరిస్థితి చూస్తే పాత్రికేయం దృష్టి ఎక్కడ నిలిచిందన్న ప్రశ్న వస్తుంది. 2019 నవంబరులో శంషాబాద్ వద్ద యువ పశువైద్యురాలు హత్యకు గురైన రాత్రి, కుటుంబం వెళ్ళిన స్టేషనులో పరిధి మాది కాదన్న వాదన నడిచిందని ఆరోపణ వచ్చింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6న నలుగురు నిందితులు కాల్పుల్లో చనిపోగానే అనేక ఛానెళ్ళలో పూలవాన దృశ్యాలే నిండిపోయాయి. ఆ ఎన్‌కౌంటర్ కథనాన్ని సిర్పుర్కర్ కమిషన్ 2022లో తోసిపుచ్చింది. మొదటి రాత్రి పోయిన గంటల లెక్క మాత్రం ఆ సంబరంలో మరుగునపడింది.

పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. నమోదు చేయని అధికారి శిక్షార్హుడని 2013 సవరణ చెప్పింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన న్యాయ సంహిత కూడా ఆ నిబంధనను నిలబెట్టింది. ఈ నిబంధన కింద ఏ జిల్లాలో ఎందరిపై కేసు పెట్టారు, ఎందరికి శిక్ష పడింది, ఫిర్యాదు అందిన గంటకూ ఎఫ్‌ఐఆర్ గంటకూ మధ్య ఎంత తేడా ఉంది అని అడగడానికి రహస్య మైకు అక్కరలేదు. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు, స్టేషను గుమ్మంలో ఓపికగా కూర్చునే ఒక విలేకరి ఉంటే చాలు. గ్రేఫ్ బృందం చేసిందీ దాదాపు అదే: తొందరపడి తీర్పు చెప్పకుండా, గదిలో ఉండి చూసింది.