కిల్టు మీదికి ఏ టోపీ?

ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో కిల్టులు అద్దెకిచ్చే దుకాణంలోకి వెళ్తే పెళ్లికొడుక్కి కావలసిన సరంజామా అంతా ఒక్క సంచిలో సర్ది చేతికిస్తారు. గళ్ల కిల్టు, పొట్టి కోటు, నడుముకు ముందు వేలాడే స్పోరన్ అనే తోలు సంచి, మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు, వాటిలో దోపుకునే చిన్న చాకు, పిక్కల దాకా లేసులు చుట్టే బూట్లు... అన్నీ ఉంటాయి. టోపీ మాత్రం సాధారణంగా ఉండదు. అడిగితే తప్ప దాని ఊసే రాదు.

టోపీ అంటే చిన్నచూపు ఉండి కాదు. ఆ వేషం మొత్తంలో ఆచితూచి ఎంచుకోవలసింది అదొక్కటే. టార్టన్ గళ్ల విషయంలో ఎవరికీ అడ్డులేదు. మెక్‌డొనాల్డ్ వంశంలో పుట్టకపోయినా మెక్‌డొనాల్డ్ గళ్లు కట్టుకోవచ్చు. గుంటూరు నుంచి వెళ్లి గ్లాస్గోలో చదువుకునే కుర్రాడు స్నాతకోత్సవానికి తనకు నచ్చిన గళ్లు కట్టుకుంటే ఇదేమిటని అడిగేవారుండరు. తల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. టోపీకి ఎడమపక్క పెట్టే బిళ్ల, దాని వెనక గుచ్చే ఈక మనిషి ఎవరో, అతని హోదా ఏమిటో చెప్పేస్తాయి. ఆ హోదాలకు చట్టం అండ ఉంది.

ఈ టోపీలన్నిటికీ మూలం నీలిరంగు ఉన్ని టోపీ. 16వ శతాబ్దం నుంచీ స్కాట్లండ్ రైతులూ పనివాళ్లూ పెట్టుకున్నది అదే. ఎయిర్‌షైర్ ప్రాంతంలోని కిల్మార్నాక్, స్టువార్టన్ ఊళ్లు దీని తయారీకి పేరుపడ్డాయి. స్టువార్టన్‌ను ఇప్పటికీ 'టోపీల ఊరు' అనే పిలుస్తారు. టోపీని ముందు తలకు కావలసిన దానికన్నా చాలా పెద్దగా, వదులుగా అల్లేవారు. ఆ తర్వాత వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, బాది, పిసికి, కావలసిన సైజుకు కుదించేవారు. దాంతో పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని అల్లిక కళ్లు మూసుకుపోతాయి. చినుకులు పడినా నీరు లోపలికి దిగదు. తర్వాత గుండ్రటి చెక్కకు తొడిగి ఆరబెట్టి, ముళ్లకాయలతో గీకి నూగు లేపేవారు. నడినెత్తిన కనిపించే ఎర్ర కుచ్చు పేరు టూరీ. అల్లిక ముగిసే చోట ముడి కనబడకుండా ఉండడానికి పెట్టింది కాస్తా చివరికి టోపీకే అందమైంది. వెనక వేలాడే రెండు నల్ల నాడాలూ అలంకారం కోసం పుట్టినవి కావు, టోపీని తలకు బిగించుకోవడానికి పెట్టినవి.

1745లో చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్ బ్రిటన్ సింహాసనం కోసం స్కాట్లండ్ కొండసీమ హైలాండ్స్‌లో తిరుగుబాటు లేవదీసినప్పుడు ఈ టోపీ రాజకీయంలోకి దిగింది. కిల్టులు రెండు పక్షాల్లోనూ ఉన్నాయి. గళ్లను చూసి ఎవరు ఎటువైపో చెప్పడం కుదరదు. స్టువర్ట్ పక్షంవాళ్లు టోపీకి తెల్ల రిబ్బను పువ్వు పెట్టుకున్నారు. అప్పటికి గద్దె మీదున్న హానోవర్ వంశపు రాజు తరఫువాళ్లది నల్లది. ఇవాళ దుకాణంలో కొనే టోపీల్లో ఎక్కువవాటికి ఎడమపక్క నల్ల రిబ్బను పువ్వే కుట్టి ఉంటుంది. అంటే గెలిచిన పక్షం గుర్తన్నమాట. ఆ కథ తెలిసి తెల్లది అడిగి కుట్టించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

తిరుగుబాటు 1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ దగ్గర అణగారిపోయింది. అదే ఏడాది వచ్చిన చట్టం హైలాండ్స్ మగవాళ్లకు కిల్టును నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం కొనసాగింది. మన ఊళ్ల కైఫియతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ పుట్టి పెరిగింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో, సరిగ్గా ఆ నిషేధపు రోజుల్లోనే. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే ఆయన మద్రాసులో దిగాడు.

1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చాడు. నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఆ సంబరాలు నడిపించాడు. రాజుగారే కిల్టు కట్టారు. ఒకప్పుడు కట్టుకుంటే జైలుకు పంపిన బట్ట అలా దర్బారు దుస్తులైపోయింది. గ్లెన్‌గారీ టోపీ పుట్టుక కథనూ ఈ సంబరాలకే ముడిపెడతారు. గ్లెన్‌గారీ దొర అలెగ్జాండర్ మెక్‌డొనెల్ దీన్ని పెట్టుకుని రాజు ముందుకు వచ్చాడని వాడుక. ఆ దొరకు ఆర్భాటం ఎక్కువని పేరు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది.

గ్లెన్‌గారీ పడవ ఆకారంలో ఉంటుంది. నడినెత్తిన నిలువు మడత, దానిమీద కుచ్చు, వెనక మెడమీద పడే నాడాలు. మడిస్తే చదునుగా అయిపోతుంది, సైనికులకు నచ్చిన సుగుణం అదే. కొన్ని గ్లెన్‌గారీల అంచు చుట్టూ ఎరుపు, తెలుపు గళ్ల పట్టీ ఉంటుంది. 1932లో గ్లాస్గో పోలీసు అధిపతి పెర్సీ సిలిటో ఈ పట్టీని చూసే తన పోలీసుల టోపీలకు నలుపు తెలుపు గళ్లు వేయించాడు. ఇవాళ ఆస్ట్రేలియాలోనూ న్యూజిలాండ్‌లోనూ పోలీసుల మీద కనిపించే గళ్లు అక్కణ్నుంచి వెళ్లినవే. గళ్ల పట్టీ గ్లెన్‌గారీ పెట్టగానే మనిషి సైనికుడిలాగో బ్యాండు మేళంవాడిలాగో కనిపిస్తాడు. పెళ్లికి వెళ్లేవారు పట్టీ లేని నల్లదో ముదురు నీలందో తీసుకోవడం మేలు.

బాల్మోరల్ గుండ్రంగా, పైన పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. పాత నీలి టోపీకి నేరు వారసురాలు ఇదే. పేరు మాత్రం 1852లో విక్టోరియా రాణి కుటుంబం కొన్న కోటది. టామ్ ఓ షాంటర్ ఇంకా వదులుగా, మెత్తగా ఉంటుంది. 1791లో అచ్చయిన రాబర్ట్ బర్న్స్ పద్యకథలోని తాగుబోతు రైతు పేరు దానికి అంటుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఖాకీరంగు పులుముకున్న ఈ టోపీ ఇప్పటికీ రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ సైనికుల తలమీద ఉంది. అందులో బ్లాక్ వాచ్ దళంవారి ఎర్ర ఈకల కుచ్చును దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఇక ఉష్ట్రపక్షి ఈకలతో మూరెడెత్తు నల్లమబ్బులా కనిపించే సైనిక టోపీ కవాతులకే గాని విందులకు పనికిరాదు.

ఈకల లెక్క మాత్రం కోడిగుడ్డుకు ఈకలు పీకే వ్యవహారంలా కనిపించినా అక్కడివాళ్లు గట్టిగానే పట్టించుకుంటారు. వంశపెద్ద టోపీకి మూడు గరుడ ఈకలు. ఆయన కింద శాఖకు పెద్ద అయితే రెండు. తన పేర సొంత చిహ్నం నమోదు చేయించుకున్న వ్యక్తికి ఒకటి. మిగతావారికి ఒక్కటీ లేదు. ఈ చిహ్నాలకు ఎడిన్‌బరోలో లార్డ్ లయన్ అనే అధికారి ఉన్నాడు, ఆయన కింద ఒక న్యాయస్థానమే ఉంది. చిహ్నాలు తప్పనిసరిగా నమోదు కావాలన్నది 1672 నాటి చట్టం. వంశంలో మామూలు సభ్యుడు పెట్టుకునే వెండిబిళ్లను గమనిస్తే మధ్యలో పెద్దగారి చిహ్నం, చుట్టూ బకిల్ బిగించిన తోలుపట్టీ, దానిమీద వంశ నినాదం కనిపిస్తాయి. చిహ్నం పెద్దగారి సొంతం, నేను ఆయన మనిషిని మాత్రమే అని ఆ పట్టీకి అర్థం. బిళ్ల వెనక ఆ వంశపు మొక్క కొమ్మను గుచ్చడమూ ఉంది. మెక్‌డొనాల్డ్‌లకు హెదర్ పొద, గ్రాంట్‌లకు పైన్ రెమ్మ.

ఇవేవీ లేని మనలాంటివారు ఎడమపక్క రిబ్బను పువ్వును ఉత్తగా వదిలేయవచ్చు. అందుకు ఎవరూ నొచ్చుకోరు. అందంగా ఉందని ఈక కొని గుచ్చుకుంటేనే ముసలివాళ్లు మొహం చిట్లిస్తారు.

టోపీని కిల్టుతో కాదు, కోటుతో జత కలపాలి. కొత్తవారికి తట్టనిది ఇదే. కిల్టు మీద ఇప్పటికే నాలుగైదు రంగులుంటాయి. అదే గళ్లతో టోపీ కూడా పెడితే చూపు ఎక్కడా నిలవదు. ట్వీడ్ కోటుకు ముదురు నీలం, బూడిద లేదా ఆకుపచ్చ బాల్మోరల్ చక్కగా అమరుతుంది. కుచ్చుకు కావాలంటే గళ్లలోని ఒక రంగు ఎంచుకోవచ్చు. నల్ల కోటు, బో టైతో వెళ్లే సాయంత్రపు విందుకు అసలు టోపీయే వద్దు. ఇంట్లోకి అడుగుపెట్టగానే టోపీ తీయడం అక్కడి మర్యాద కాబట్టి, మొత్తం గదుల్లోనే జరిగే వేడుకకు టోపీ తీసుకెళ్తే చేతిలో బరువు తప్ప ప్రయోజనం లేదు. మంచుగాలిలో కొండ ఎక్కేటప్పుడు కిల్టు మీద మామూలు ఉన్ని టోపీ లాగేసుకునే యువకులనూ తప్పుపట్టలేం.

పెట్టే తీరులోనూ మెళకువ ఉంది. బాల్మోరల్ అంచు నుదుటి చుట్టూ సమంగా ఉండాలి. పైన పళ్లేన్ని మాత్రం కుడిచెవి వైపు లాగాలి, అప్పుడే ఎడమపక్క బిళ్ల నిలబడి కనిపిస్తుంది. గ్లెన్‌గారీని కొంచెం కుడికి వాల్చి, కనుబొమకు రెండువేళ్ల పైన నిలపాలి. వెనక్కి నెట్టి పెడితే బస్సు కండక్టరు వాలకం వస్తుంది.

ఎడిన్‌బరో రాయల్ మైల్ వీధిలో గళ్ల టోపీకి ఎర్రటి దొంగజుట్టు అతికించి అమ్ముతారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కు స్కాట్లండ్ అభిమానులే వాటిని సరదాగా పెట్టుకుంటారు. స్టేడియంలో అది తమాషా, పెళ్లిలో ఎగతాళి. అదే స్కాట్లండ్‌లో సిక్కులు కిల్టు మీద తమ తలపాగానే చుట్టుకుని పెళ్లిళ్లకు వెళ్తున్నారు. ఈ రెండూ ఎంత దర్జాగా కలిసిపోయాయంటే, ఇది కొత్త సంప్రదాయమని ఎవరికీ గుర్తుండదు.

కొనేముందు చెవులకు వేలెడు పైన, నుదుటి మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో కొలత రాసుకెళ్లండి. ఉన్ని టోపీ వర్షంలో తడిసి, హీటరు పక్కన ఆరితే బిగుసుకుపోతుంది. అందుకని రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే పెద్దదే తీసుకోండి.