కెటలీనా.అవుట్ కాపలాదార్లు

కావలి, నెల్లూరు, గూడూరు ఊళ్లలో ఇంటి నుంచే రాత్రి డ్యూటీ చేసే సపోర్టు ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. యాప్ రాసినవాళ్లకు పేరొస్తుంది. అది తెల్లారేదాకా పడిపోకుండా చూసేవాళ్లను ఎవరూ తలుచుకోరు. నాకు మాత్రం వాళ్ల పనంటే గొప్ప గౌరవం.

జావా యాప్‌లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్నే తీసుకోండి. లైనక్స్‌లో మామూలుగా స్టార్ట్ చేస్తే, ప్రోగ్రామర్ సిస్టమ్.అవుట్‌తో పడేసిన ప్రతి లైనూ కెటలీనా.అవుట్ అనే ఒక్క ఫైల్లోకి చేరుతుంది. పట్టించుకోకపోతే అది డిస్కు నిండేదాకా పెరుగుతుంది. అప్పుడు కంగారుపడి ఫైలు డిలీట్ చేసినా చోటు తిరిగి రాదు. పేరు పోతుంది గానీ, జావా ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకునే ఉంటుంది. పని తెలిసినవాళ్లు డిలీట్ జోలికి పోరు, ఉన్న ఫైలునే సున్నా బైట్లకు ఖాళీ చేస్తారు. లాగ్ ఫైళ్లను మార్చే లాగ్‌రొటేట్‌లో, కాపీ తీసుకుని అసలు ఫైలును ఖాళీ చేసే కాపీట్రంకేట్ పెట్టేది అందుకే. కాపీకీ ఖాళీ చేయడానికీ నడుమ కొన్ని లైన్లు జారిపోవచ్చనీ వాళ్లకు తెలుసు. కనుక టామ్‌క్యాట్‌లో స్వాలోఅవుట్‌పుట్ అనే సెట్టింగును ట్రూ చేసి, యాప్ మాటలను దాని సొంత లాగ్‌లోకి మళ్లిస్తారు.

అన్నిటికన్నా నాకు నచ్చేది వాళ్ల నిదానం. సర్వర్ బిగుసుకుపోయి, అవతల ఫోన్లు మోగుతున్నా, రీస్టార్ట్ కొట్టే ముందు కిల్ మైనస్ 3 పంపుతారు. ప్రాసెస్ చావదు, ఏ థ్రెడ్ ఎక్కడ ఆగిందో కన్సోల్‌లో రాసిపెడుతుంది. తుపానుకు కరెంటు పోయిన రాత్రి కూడా ఇన్వర్టర్ మీద, ఫోన్ హాట్‌స్పాట్‌తో అదంతా చదివి, డేటాబేస్ కనెక్షన్ దొరక్క నిలిచిపోయిన థ్రెడ్లను పట్టుకుంటారు.