వరాహమా, గోపురమా?

పెరియకుళము నడుమ పారు ఏటి పేరు వరాహనది. విజయనగర ప్రభువుల రాజముద్రపై నిలిచినదియు వరాహమే. ఈ రెంటికిని సంబంధము గలదని మేము చెప్పబోము. కాని ఆ పేరు విన్నంతనే మన పెద్దలకు పూర్వస్మృతి కలుగుట సహజము. మనలో కొందరు ‘మన గురుతు వరాహము, తమిళనాడు ముద్రలోని గోపురము పరులది’ అందురు. ఈ మాట పరిశీలింపదగినది.

ముందుగా చిత్రముల గుణదోషములను చూతము. విజయనగర ముద్రలో నున్నవి వరాహము, ఖడ్గము, సూర్యచంద్రులు మాత్రమే. ఏ రూపమున కారూపము విడిగా నిలిచి, చిన్న రాతిపైనను స్పష్టముగా తెలియును. అంతకు పూర్వమే వేంగి చాళుక్యుల తామ్రశాసన ముద్రలపై వరాహముండెను. కావున తెలుగువారి కిది చిరపరిచితము.

తమిళనాడు ముద్ర 1949లో, నాటి మదరాసు రాష్ట్రమునకై రూపొందినది. చిత్రించినవారు మధురకు చెందిన ఆర్. కృష్ణారావుగారు. వెనుక గోపురము, ముందు అశోకుని సింహశీర్షము, ఇరుప్రక్కల జాతీయపతాకములు. రెండు నిలువు రూపము లొకదాని ముందొకటి నిలుచుటచే, ముద్ర చిన్నదైనప్పుడు గోపురపు శిల్పములు మసకబారును. ఇది లోపమే. అయినను గోపురపు బాహ్యరేఖను పసివాడైనను పోల్చుకొనగలడు. ఆ విషయమున కృష్ణారావుగారి ఎన్నిక మెచ్చదగినది.

ఆ గోపురము మధుర మీనాక్షి ఆలయపు పడమటి గోపురమని కొందరు, శ్రీవిల్లిపుత్తూరిలోని పదునొకండంతస్తుల గోపురమని పెక్కురు చెప్పుదురు. ఏదైనను మనకు పరాయిది కాదు. మధుర నాయకరాజు లేలిన నగరము. శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి వెలసిన చోటు. ఆమె కథనే శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’గా తెలుగున రచించెను. వరాహముద్ర దాల్చిన ప్రభువే ఆ తమిళకన్యను కావ్యనాయికగా చేసికొనగా, ఆయన పేరు చెప్పుకొను మనము ఆ యూరి గోపురమును పరులదనుట యెట్లు పొసగును?

జర్మనీలో బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రమునకు 1954లో ఏర్పడిన పెద్దముద్రయందు మూడు సింహముల డాలుపై ఆరు చిన్నడాళ్లు గలవు. ఒక్కొక్కటి ఒక్కొక్క పూర్వసీమకు గురుతు. అచటి జిల్లాలకును సొంత డాళ్లుండును. ఎవరి పాలు వారికి చిత్రముననే కనబడును. మన రాష్ట్రముద్రలో అట్టి విభాగములు లేవు. ఒక్క గోపురమే అందరికిని గురుతు. అందు మన పాలెంతయో చిత్రము చెప్పదు, ఎరిగినవారు చెప్పవలసినదే.

వరాహమును మరువుడని మే మనము. అది మన పూర్వుల నేలినవారి ముద్ర. గోపురము మనము తరతరములుగా బ్రదుకుచున్న నేలకు ముద్ర. ప్రభుత్వపు కాగితముపై ఆ గోపురమును చూచి ఇంటి పిల్లవాడు ‘ఇదేమి?’ అని యడిగిన నాడు, శ్రీవిల్లిపుత్తూరు పేరుతోపాటు రాయలవారి కావ్యము పేరును చెప్పుదము. వీలైనచో ఒకమారు వానిని వెంటబెట్టుకొనిపోయి, ఆ గోపురమును కన్నులార చూపుదము.