'లీ' యను ఇంటిపేరు: ధ్వనిసామ్యము

ధ్వనిసామ్యమును బట్టి ఇంటిపేర్లకు బంధుత్వము కల్పించు పద్ధతి యొకటి కలదు. దానిని మేము అంగీకరింపజాలము. అమెరికా సేనాని రాబర్ట్ లీ (1807-1870), ఐక్యరాజ్యసమితి తొలి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ, నటుడు బ్రూస్ లీ - తెలుగు లిపిలో మువ్వురును ఒక్క యింటివారే!

ఆంగ్లమున నది అడవి నడుమ తెఱపినేలను తెలుపు ప్రాచీన పదము. నార్వేలో కొండవాలును తెలుపు క్షేత్రనామము. ఊరిపేరునుండి పుట్టిన మన యింటిపేర్లవలె రెండును స్థలవాచకములే.

బ్రూస్ లీ పేరు చీనాదేశపుది. అచట ఆ యక్షరమునకు ఆల్‌బుకరా చెట్టని యర్థము. విచారణ యర్థముతో ముగియదు. తాంగ్ చక్రవర్తులు (618-907) తమ యీ యింటిపేరును అన్యవంశీయులైన సేనానులకు, తురుష్కజాతి నాయకులకు సైతము, బహుమానముగా నొసగిరి. కావున లిపి, అర్థము రెండును ఒక్కటైనచోటను రక్తసంబంధము సిద్ధింపదు. నిఘంటువు మాత్రమే చూచువారికి ఈ సంగతి చిక్కదు.

1392 నుండి 1910 వఱకు కొరియా నేలిన చోసన్ రాజుల యింటిపేరును ఈ యక్షరమే. దానిని దక్షిణమున 'ఈ' యనియు, ఉత్తరమున 'రీ' యనియు పలుకుదురు. దక్షిణమువారిలో పలువురు రోమన్ లిపిలో వ్రాసికొనునపుడే 'లీ' లగుచున్నారు.